ఎడం చెయ్యి కొల్లేటికి

తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులో జయకృష్ణ గారి మ్యూజిక్ షాపుని రోజూ తెరిచేది ఏసుకుమారే. షట్టర్ లేపి, వాకిట్లో నీళ్ళు చల్లి, రిపేరుకొచ్చిన స్పీకర్లని గోడవారకి సర్దేవాడు. ఆ తర్వాత కౌంటర్ ముందు కూర్చుని అద్దం మీద రెండు చేతులతో దరువు వేసేవాడు. వేళ్ళు పరిగెత్తేవి, భుజాలు ఊగేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు. పక్క టీ కొట్టువాళ్ళకి అది అలవాటే. "ఏసుకుమార్ మొదలెట్టాడు, షాపు తీసినట్టే" అనుకుని ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

అతను దేనిమీద కొట్టినా అక్కడ వినపడదు. పుట్టుకతోనే అంత. చిన్నప్పుడు గిలక్కాయ ఇస్తే మోగలేదు. చర్చిలో క్రిస్మస్ పాటలకి డోలక్ ఇస్తే చెమటలు కారేలా వాయించాడు, డోలక్ ఉలకలేదు పలకలేదు. పాస్టరు గారు అతని తల నిమిరి, "వాయించు నాయనా, ఎక్కడ వినపడాలో అక్కడ వినపడుతుందిలే" అని చెప్పి, డోలక్ తీసి ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్ళమ్మ కూడా అదే అనేది. "చప్పుడెక్కడికి పోద్దిరా, ఎక్కడో చోట మోగుతానే ఉంటది."

కొందరికి నత్తి ఉంటుంది, కొందరికి ఎండ పడదు, ఇతనికి ఇలా. ఊరు అంతటితో సర్దుకుంది. అతనే సర్దుకోలేదు. ఆ ఎక్కడో అనేది ఎక్కడ? బస్సెక్కితే ముందు సీటు కడ్డీ మీద దరువు వేస్తూ దారిలో వచ్చే ప్రతి ఊరికీ చెవి ఒగ్గేవాడు. ఒకసారి ఏలూరు వెళ్ళి, తొడమీద కొట్టుకుంటూ బజారంతా తిరిగాడు. గిన్నెల కొట్లో ఏదో మోగితే పరిగెత్తాడు గానీ, అది కొట్టువాడు గరిటె పారేసిన చప్పుడు.

అతని కోరిక ఒక్కటే. చలపతిరావు గారి ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయించాలి. పెళ్ళిళ్ళకీ రిసెప్షన్లకీ ఈ చుట్టుపక్కల ఆయన బృందం లేకుండా పందిరి వేసేవారు కాదు. వాళ్ళ ప్యాడ్ వాయించేవాడు దుబాయ్ వెళ్ళిపోయాడని తెలిసి ఏసుకుమార్ వెళ్ళి అడిగాడు.

"నీ చేతులు బంగారమయ్యా, చూస్తేనే తెలుస్తోంది," అన్నారు చలపతిరావు గారు. "కానీ పెళ్ళివారు పిలిచేది చూడ్డానిక్కాదు గదా?"

కాదనడానికి ఏముంది? తిరిగొచ్చి స్పీకర్లు బాగుచేసుకున్నాడు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో జయకృష్ణ గారు చెన్నై నుంచి ఒక నల్లటి పెట్టె తెచ్చారు. దాని మీద రబ్బరు గళ్ళు, నాలుగు వరసల్లో నాలుగేసి. కొట్టి చూశారు, మోగలేదు. గట్టిగా కొట్టారు, మోగలేదు. కొనడానికి వచ్చినవాళ్ళూ కొట్టి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఆయన దాన్ని అటక మీదికి గిరాటు వేయబోతుంటే ఏసుకుమార్ అందుకుని అట్టపెట్టె మీద ఉన్నది చదివాడు.

"ఇది వాయిద్యం కాదండి, కంట్రోలర్. దీనికి సొంత గొంతు ఉండదంట. ఏ ప్యాడ్ కొడితే ఏం మోగాలో, ఎక్కడ మోగాలో మనం కంప్యూటర్లో పెట్టుకోవాలంట. దానికి సీడీ, వాడే పద్ధతి పుస్తకం కూడా ఇచ్చారండి."

"అంటే నీ బాపతే అన్నమాట," అన్నారు జయకృష్ణ గారు. ఆయన వేళాకోళానికే అన్నా ఏసుకుమార్‌కి ఆ మాట గట్టిగా తగిలింది. పెట్టెని వొళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మంగళవారం షాపులో జనం పలచబడ్డాక లాప్‌టాప్‌లో సీడీ వేశాడు. తెర మీద అచ్చం పెట్టె బొమ్మే వచ్చింది. ఏ గడి మీద నొక్కితే ఆ గడి సంగతులు పక్కన వచ్చేవి. ఏ శబ్దం, ఎంత గట్టిగా, ఎటు వెళ్ళాలి. ఎటు అన్నచోట 'ఈ కంప్యూటర్' అని ఉంది. పైన రెండు బటన్లు, ఒకటి గెట్, ఒకటి సెండ్. ముందు గెట్ నొక్కి పెట్టెలో అప్పటికే ఉన్నది తెచ్చి భద్రం చేసుకోవాలి, ఆ తర్వాతే సెండ్ నొక్కి మనది పంపాలి. లేకపోతే పాతది తుడిచిపెట్టుకు పోతుంది. ఆ ముక్క పుస్తకంలో పెద్దక్షరాల్లోనే వేశారు. ఏసుకుమార్ ఆ పేజీ దాకా వెళితే గదా! రెండు అరచేతులూ గళ్ళ మీద ఆనించి, బొటనవేలితో మౌస్ దగ్గరికి లాక్కుని సెండ్ నొక్కాడు.

నీలం గీత ఒకటి మెల్లగా నిండింది. అతను ప్యాడ్ కొట్టాడు. స్పీకర్లో డప్పు మోగింది. ఉలిక్కిపడి చెయ్యి కౌంటర్ మీద పెడితే అద్దం టక్కుమంది. కుర్చీ మీద కొట్టాడు, కుర్చీ మోగింది. షట్టర్ మీద కొట్టాడు, వీధంతా మోగింది.

"వినపడుతోంది," అన్నారు జయకృష్ణ గారు కళ్ళజోడు తీసి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళమ్మ ముందు చప్పట్లు కొట్టాడు. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుంది. ఏసుకుమార్‌కి అంత సంతోషం అంతకుముందెప్పుడూ లేదు. చలపతిరావు గారు ఒకే ఒక పాట విని, "ఆదివారం గణపవరంలో పెళ్ళి. తెల్ల చొక్కా వేసుకునిరా," అన్నారు.

శుక్రవారం చిట్టిబాబు షాపుకి వచ్చాడు. మండవల్లి వైపు నుంచి గూడెం మార్కెట్టుకి చేపల వ్యాన్ తోలే మనిషి, ఎప్పుడొచ్చినా కొత్త పాటల సీడీ కొనకుండా వెళ్ళడు. ఆ రోజు సీడీ తీసుకుని కూడా మొహం వేలాడేసుకున్నాడు.

"ఏం చిట్టిబాబు గారూ, సరుకు సరిగ్గా లేదా?"

"ఏం సరుకండీ! మా గోవిందరాజులు గారి చెరువులో శీలావతి చేప పిల్లని నీటికాకులు మింగేస్తున్నాయి. గట్టు మీద వరమ్మ గారి డబ్బా మోగడం మానేసిందండి."

"ఏం డబ్బా?"

"రేకు డబ్బా. దానంతటదే మోగుద్ది, పిట్టలు లేచిపోతాయి. ఇన్నేళ్ళూ అదే కాపలా. మొన్న మంగళవారం ఆగిపోయింది. ఆదివారం దాకా చూస్తాను, తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటానన్నారండి గోవిందరాజులు గారు. ఆవిడకా, ఎవరూ లేరు. చెయ్యి కూడా బాగోదు. ఆ గట్టు మీద పాకే ఆవిడిల్లు."

ఏసుకుమార్ చేతులు కౌంటర్ మీద నుంచి కిందకి జారిపోయాయి. ఇరవై ఏళ్ళకి పైగా వెతుకుతున్న ఊరి పేరు ఒక సీడీ బేరంలో దొరికింది. దొరికిందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మండవల్లి గట్టు మీద ఒకావిడ బతుకుని అతను బొటనవేలితో తుడిచేశాడు.

"జయకృష్ణ గారూ, ఈ పెట్టె, లాప్‌టాప్ ఒక్కరోజు ఇప్పించండి," అన్నాడు.

"ఆ డబ్బా చప్పుడు దానికి తిరిగి ఇచ్చేస్తావా?" అడిగారాయన. "మరి ఆదివారం?"

"తెలీదండి. ముందెళ్ళి చూడాలి."

వ్యాన్ ఖాళీగా వెనక్కి వెళుతోంది. గణపవరం, ఆకివీడు, కైకలూరు దాటేదాకా అతను తలెత్తకుండా ఆ పుస్తకం మొదటినుంచీ చదివాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పెద్దక్షరాల పేజీ దగ్గర మాత్రం కాసేపు ఆగి, కిటికీలోంచి బయటికి చూశాడు. రెండు పక్కలా నీళ్ళే. చెరువుల మధ్య గుంజలకి తవుడు సంచులు వేలాడుతున్నాయి, ప్రతి గుంజ మీదా ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

గట్టు మీద తాటాకు పాక, దాని ముందు వాసానికి వేలాడేసిన రేకు డబ్బా. డబ్బా కింద ఒకావిడ కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఎడం చెయ్యి వొళ్ళో వాలిపోయి ఉంది.

"వరమ్మ గారూ, ఈయన గూడెం నుంచొచ్చారండి, డబ్బా సంగతి చూడ్డానికి," అన్నాడు చిట్టిబాబు.

ఏసుకుమార్ చెప్పులు విడిచి ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, "అది నేనేనండి," అన్నాడు.

వరమ్మ అతని మొహం చూడలేదు. చేతులు చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వా బాబూ," అంది. "చిన్నప్పుడు తెగ తొందరపడేవోడివి. ఒక ఊపులో మొదలెట్టి ఇంకో ఊపులో పడిపోయేవోడివి. మా ఆయన నవ్వేవోడు, ఈ పిల్లోడికి అన్నం వేళయ్యిందే అని. అప్పుడు ఈ డబ్బా లేదు. మా గుడిసెలో సత్తు గిన్నె మోగేది. తర్వాత పడవ మోగింది. నేనెక్కడుంటే అక్కడే మోగేవోడివి."



"ఒక చలికాలం మెల్లగా కొట్టావు. చాలా మెల్లగా, ఆగి ఆగి. ఆ నెలంతా నాకు ముద్ద దిగలేదు. ఎవరు బాబూ పోయింది?"

"నాన్నండి," అన్నాడు. అని, ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు శవపేటిక మీద చెయ్యి వేసి కొట్టాడు అతను, ఎవరికీ వినపడదని తెలిసే కొట్టాడు. తన వాయింపు ఈ లోకంలో ఒక్కరైనా విన్నారని అతనికి ఇప్పటిదాకా తెలీదు. విన్నవాళ్ళు ఉన్నారు. ఒక్కటీ వదలకుండా విన్నారు.

కళ్ళు తుడుచుకుని లాప్‌టాప్ తీశాడు. పెట్టెకి వైరు తగిలించి, గళ్ళ మీద చేతులు ఆనించి, ఈసారి ముందు గెట్ నొక్కాడు. గళ్ళన్నీ నిండాయి. ఎటు అన్న చోట నొక్కితే 'ఈ కంప్యూటర్' కింద, పూర్తిగా చెరిగిపోని ఇంకో పేరు కనపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో వరమ్మ అని.

"డబ్బా పేరు కాదండి, మీ పేరే వచ్చింది."

"నా పేరే గదా వస్తది మరి," అంది వరమ్మ.

"అన్ని గళ్ళూ మీకు తిప్పేస్తానండి. మళ్ళీ ఎప్పట్లాగే మోగుద్ది." ఆ మాట అంటుంటే అతనికి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించిన తెల్ల చొక్కా గుర్తొచ్చింది.

"మరి నీకో?"

 బదులు చిట్టిబాబు చెప్పాడు, ఆదివారం పెళ్ళి సంగతి, ఆర్కెస్ట్రా సంగతి.

వరమ్మ కర్ర పక్కన పెట్టింది. "మొత్తం నేనేం చేసుకోను? పడవలో జారిపడ్డప్పటినుంచి ఈ ఎడం భుజం లేవదు గానీ కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది. ఒంటిచేత్తో కొడితే నీటికాకి లెక్కచెయ్యదు బాబూ, ముసల్ది ఒక్కత్తే ఉందని దానికి తెలిసిపోద్ది. రెండు చేతుల దరువు వినపడాలి. నాకు లేనిది ఎడమదే. ఆ ఒక్కటీ ఇయ్యి."

ఏసుకుమార్ తెర వంక చూశాడు. ఏ గడికాగడి విడిగా పెట్టుకోవచ్చు, పుస్తకంలో అదీ ఉంది. ఎడంవైపు రెండు నిలువు వరసలూ ఎడం చేతివి, కుడివైపు రెండూ కుడిచేతివి. ఎడంవైపు గళ్ళన్నిటికీ వరమ్మ పేరు పెట్టాడు. కుడివైపువి అలాగే ఉంచాడు. రెండు చేతులూ గళ్ళ మీద ఆనించి, ఉన్నదంతా భద్రం చేసుకున్నాక, అప్పుడు నొక్కాడు సెండ్.

ఎడం చేత్తో కొట్టాడు. తలమీద డబ్బా ఢమ్మంది. పుట్టి బుద్ధెరిగాక తన ఎడంచేతి దరువు తన చెవిన పడడం ఆ వారమే, అదీ ఆ డబ్బా గొంతులో వినడం అదే మొదలు. కుడి చేత్తో కొడితే లాప్‌టాప్ మోగింది. వరమ్మ లేచి కర్ర అందుకుని, అతని ఎడంచేతి దెబ్బ పక్కన తన కుడిచేతి దెబ్బ డబ్బా మీద వేసింది. ఎన్నేళ్ళుగానో విన్న దరువు, ఒక్క దెబ్బ తప్పలేదు. గుంజల మీద నీటికాకులు ఒకదాని వెనక ఒకటి లేచి కొల్లేటి నడిమికి వెళ్ళిపోయాయి.

ఆదివారం గణపవరంలో పెళ్ళి బాగా జరిగింది. ఏసుకుమార్ తెల్ల చొక్కా వేసుకుని రెండు చేతులా వాయించాడు, పందిట్లోకి కుడిచేతిది మాత్రమే వచ్చింది. రెండో పాట అయ్యాక చలపతిరావు గారు ఒంగి అడిగారు, "మధ్యమధ్యలో ఆ ఖాళీలేవిటయ్యా?"

"అవి కొల్లేట్లో ఉన్నాయండి."

 "సరేలే. పాడేవాళ్ళకి ఊపిరాడుతోంది," అని మూడో పాట అందుకున్నారు. ఏసుకుమార్ ఆ బృందంలో ఉండిపోయాడు. పగలు షాపులో కౌంటర్ మీద ఎడం చేత్తో దరువు వేసేవాడు. అద్దం మోగేది కాదు, మండవల్లిలో చెరువు పదిలంగా ఉండేది.

ఏడాది తిరిగాక వానల్లో వాళ్ళమ్మకి జబ్బు చేసింది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు పొద్దున్న ఆపరేషన్ గది బయట బల్ల మీద ఏసుకుమార్ ఒక్కడే కూర్చున్నాడు. ఏలూరు ఆసుపత్రిలో పనుందని జయకృష్ణ గారితో అన్నాడు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరున్నారు? ఏం చెయ్యాలో తెలీక ఎడం చెయ్యి బల్ల మీద వేసి మెల్లగా కొట్టాడు. ఆగి ఆగి కొట్టాడు. పక్కన కూర్చున్నవాళ్ళకి ఏమీ వినపడలేదు.

మధ్యాహ్నానికి చిట్టిబాబు వర్షంలో తడిసి మెట్లెక్కి వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. షాపుకెళ్ళి జయకృష్ణ గారిని అడిగి, ఆసుపత్రి కనుక్కుని వచ్చాడట.

"అన్నం, చేపల పులుసు ఉన్నాయండి, మీరు తినేదాకా నన్ను కదలొద్దన్నారు," అంటూ క్యారియర్ బల్ల మీద పెట్టాడు. "వరమ్మ గారు కనుక్కు రమ్మన్నారండి. ఎవరికి బాగోలేదు?"