గొడుగు దీపం కింద

చేమాకుల్లో చుట్టి కాల్చిన మాంసం చల్లారిపోతోంది, తినమ్మాయ్ అంటోంది ఎవరో, తినాలి కాబోలు, ఆకు మీద కొబ్బరిపాలు పేరుకుని తెల్లటి గీత కట్టాయి, వేళ్ళు దాన్ని తాకుతున్నాయి కానీ వేడో చల్లనో తెలియడం లేదు, తెల్లవారినప్పటి నుంచీ ఈ చేతులు నావి కానట్టే ఉన్నాయి, ఎదురుగా కెలెపి తల్లి ఫూసి కూర్చుని ఉంది, ఆమె పక్కన గోడకి ఆనించి చిరుగుల పెద్ద చాప, చుట్టి ఉంది, చావు రూఢి అయితే మా దీవుల్లో నడుముకి కట్టుకోవాల్సింది, ఇంకా కట్టుకోలేదు, కొడుకు చేపలకి వెళ్ళి అయిదు రోజులైంది, మేం గస్తీ ఓడలో రెండు రాత్రులు వెతికాం, ఇక ఆపేశామని చెప్పడానికి మా ఓడ పెద్దాయన మొసెసె వచ్చాడు, పక్కన ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను తెచ్చాడు, ఓడలో ఆడదాన్ని నేనొక్కదాన్నే, రాత్రి ఎడమవైపు కాపలా కూడా నాదే, కాపలా పుస్తకంలో నా చేత్తోనే రాశాను, ఏమీ కనబడలేదు అని.

నిన్న రాత్రి మేం ఒడ్డున నిలబడి చూశాం తమ్ముడూ, ఆకాశంలో దీపాలు వేలాడాయి, అవేం దీపాలు అని ఫూసి అడిగింది, మొసెసెకి ప్రాణం లేచొచ్చింది, చావు కబురు చెప్పడం కన్నా దీపం సంగతి చెప్పడం సులువు కదా, గొడుగు దీపాలంటాం అక్కా, విమానం లోంచి గొట్టం జారవిడుస్తారు, ఇదిగో నా మోచేతి నుంచి వేళ్ళ దాకా రెండింతలు ఉంటుంది, కొంత దూరం ఊరికే పడిపోతుంది, తర్వాత మూత ఊడి గొడుగు విచ్చుకుంటుంది, ఆ తాడు లాగిన ఊపుకి లోపలి మందు అంటుకుంటుంది, మెగ్నీషియం పొడి, నీళ్ళు పోసినా ఆరదు, అయిదు నిమిషాలు పగలే అనుకో, అంత మంట అంతసేపు పడిపోకుండా ఎలా ఉంటుంది అని ఆమె, అదేనక్కా చిత్రం, కాలేకొద్దీ తేలికవుతుంది, వేడి గాలి గొడుగులోకి ఎక్కుతుంది, చివర్లో కదలనట్టే ఉంటుంది, ఆఖరున చిన్న మందు పేలి ఒక తాడు తెగుతుంది, ఖాళీ గొడుగు సముద్రంలో పడిపోతుంది, లేకపోతే విమానానికి అడ్డం కదా, ఆమె తలూపింది, చక్కగా వింటోంది, నేను ఆకు అంచు చింపుతున్నాను, చిన్నగా, ఇంకా చిన్నగా.

దీపం ఊగుతుందని మాత్రం ఆయన చెప్పలేదు, గొడుగు కింద అటూ ఇటూ ఊగుతుంది, అది ఊగితే నీళ్ళ మీద నీడలన్నీ ఊగుతాయి, ప్రతి అలకీ ఒక చెయ్యి మొలుస్తుంది, పిలిచినట్టే ఉంటుంది, శిక్షణలో చెప్పింది కూడా మొసెసేనే, నీడ ఊగుతుందే పిల్లా, మనిషి ఊగడు, రెండు ఊపులు చూడు, రెండింటికీ అక్కడే ఉంటే గొంతు చించుకో, నిన్న రాత్రి మూడో దీపం వెలిగినప్పుడు అల వెనక ఒక చెయ్యి, ఒక ఊపు, నీడలన్నీ పక్కకి జరిగాయి, అది జరగలేదు, రెండో ఊపు, అక్కడే, జవాబు తెలిసిన పిల్లవాడు బళ్ళో ఎత్తినట్టు నిటారుగా, అరవాలి, నోరు తెరిచాను కూడా, ఇంకొక్క ఊపు చూద్దాం అనుకున్నాను, ఎందుకంటే పోయిన నెల ఒకసారి అరిచాను, ఓడ ఆపారు, ఇద్దరు దూకారు, కొబ్బరి దుంగ, ఆనాటి నుంచి ఓడలో అందరూ ఏం దుంగమ్మా, ఇవాళ ఎన్ని దుంగల ప్రాణాలు కాపాడావు, వంటవాడైతే దుంగమ్మకి కూరెందుకురా, నాలుగు చెక్కపేళ్ళు వెయ్యండి చాలు, నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఇంకా అంటారు, ఇంకొక్క ఊపు అనుకుంటుండగానే తాడు తెగింది, చీకటి, ఓడ తను వెతికే గీత చివరికొచ్చి ఉత్తరానికి తిరిగింది, నాలుగో దీపం మైలు దూరంలో వెలిగింది, అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు, తెల్లారి వెనక్కొస్తుంటే ఆ చోటికి కాస్త దిగువన కెలెపి మంచుపెట్టె తేలుతూ దొరికింది, మూత పిడికి అతని చొక్కా ముడివేసి ఉంది, మొసెసె చూసి పాపం అన్నాడు, అంతే అన్నాడు.

తమ్ముడూ, ఒక్కటి చెప్పు అంటోంది ఫూసి, మీకు వాడు కనబడలేదు సరే, సముద్రం పెద్దది, మీ తప్పేముంది, ఆ వెలుగులో వాడికి మీ ఓడ కనబడి ఉంటుందా, మొసెసె మెల్లగా ఊపిరి వదిలాడు, కనబడకేం అక్కా, వెలుగు ఎవరి పక్షమూ కాదు, పైనున్నవాడికీ కిందున్నవాడికీ ఒకటే, అంత ఓడ పట్టపగల్లా కనబడుతుంది, అయితే చాలు తమ్ముడూ, మనుషులొచ్చారని తెలిసింది, ఒంటరిగా పోయానని అనుకోలేదు నా బిడ్డ, అంటూ ఆమె గోడ వైపు చెయ్యి చాచి చాప అందుకుంటోంది, ముఖం కొంచెం తేటపడింది కూడా, ఆ తేటదనం చూస్తుంటే నాకు ఇప్పుడు తెలుస్తోంది, రాత్రి నుంచీ నేను అతన్ని చూశానా లేదా అన్నదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను, అతను నన్ను చూశాడు, ఓడ అంచు కడ్డీ పట్టుకుని అతని వైపే తిరిగి నిలబడిన మనిషిని అయిదు నిమిషాల పగటి వెలుగులో చూశాడు, అందుకే చెయ్యి ఊపలేదు, ఊపాల్సిన పని లేదనుకున్నాడు, ఈ అమ్మాయి చూసేసింది, ఇక పిలుస్తుంది అనుకుని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఎదురు చూశాడు, పెద్దమ్మా, ఆ చాప ఒక్క నిమిషం ఆపండి, అతను చెయ్యెత్తాడు, నేను చూశాను, అరవలేదు.