వినని వారం

నాకు ముక్కు మీద కోపం. పొగరు కూడా ఉంది, దాచుకోను. 1999 నాటికి మదనపల్లెలోని మా సహాయ కేంద్రంలో నా అంత బాగా వినే మనిషి లేదని నేననుకోవడమే కాదు, వచ్చే ఆడవాళ్లూ అనేవారు. దెబ్బలు తిని వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, "మాలతక్క ఉండాదా?" అని అడిగితే నాకు కొమ్ములొచ్చేవి.

కేంద్రమంటే రెండు గదులు, ఒక వంటిల్లు, ముగ్గురం మనుషులం. దాన్ని పెట్టింది గోవిందమ్మ. పుంగనూరులో పట్టుదారం తీసే షెడ్డులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. వేడినీళ్లలో ఉన్న పట్టుగూళ్ల కొస పట్టి దారం లాగే పని అది. వేళ్లు తెల్లగా నాని, తోలు ఊడొస్తుంది. అక్కడి ఆడవాళ్లు తమలో తామే ఒక పద్ధతి పెట్టుకున్నారట. మూడు వారాలు నీళ్ల దగ్గర కూర్చున్న మనిషి నాలుగో వారం చక్రం తిప్పడానికి పోవాలి, ఎంత పనిమంతురాలైనా సరే. గోవిందమ్మ అదే పద్ధతిని ఇక్కడికి తెచ్చింది. నెలలో మూడు వారాలు వచ్చిన వాళ్ల కష్టం వినాలి, ఒక వారం వినకూడదు. ఆ వారంలో వంట చేయాలి, గదులు ఊడవాలి, కోర్టు కాగితాలకు తిరగాలి. ఎవరైనా ఏడుస్తూ వస్తే మంచినీళ్లిచ్చి పక్క గదిలోకి పంపాలి, అంతే. దానికి మేం పెట్టుకున్న పేరు వినని వారం.

నాకది ఒళ్లు దాచుకోవడంలా కనిపించేది. నా వారం వచ్చినప్పుడల్లా మా మూడో మనిషి రజియాకు అంటగట్టేదాన్ని. రజియా నెమ్మదస్తురాలు. "నీ చేతి వంకాయ కూర ఎవురికొస్తాది?" అని ఉబ్బేసి వంటింట్లోకి తోసేదాన్ని. గోవిందమ్మ అడిగితే, ఫలానా ఆమె నాతో తప్ప మాట్లాడదని చెప్పేదాన్ని. అలా ఐదు నెలలు గడిచాయి. ఇంటికి పోయినా ఆ ఏడుపులే చెవుల్లో తిరిగేవి. అన్నం సహించేది కాదు. అమ్మ పలకరిస్తే కసురుకునేదాన్ని. అదంతా నా గొప్పతనానికి గుర్తనుకున్నాను.

దీప మాత్రం నిజంగానే నాతో తప్ప మాట్లాడేది కాదు. మదనపల్లెలో మగ్గం నేసే మొగుడు కొట్టి చెయ్యి విరిస్తే, కూతుర్ని తీసుకుని సోమలలోని పుట్టింటికి చేరింది. కేసు రెండుసార్లు వాయిదా పడింది. జూన్‌లో వాయిదా ఉన్న సోమవారం ఆమె బోనెక్కి చెప్పకపోతే కేసు నిలవదని వకీలు తేల్చేశాడు.

ఆ సోమవారానికి ముందు, గురువారం మధ్యాహ్నం, దీప వచ్చింది. ఎడమ చెంప వాచి ఉంది. ఆ రోజు నా ముందు కూర్చున్న ఐదో మనిషి ఆమె.

"మళ్లా ఆ ఇంటికి పోయింటినక్కా," అంది.

నా నోరు నా అదుపులో లేకపోయింది. "యాల పోయినావు? ఇన్ని నెలలు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా యాల పోయినావు? నీకు బుద్ధుండాదా?"

నీకు బుద్ధుందా అన్న మాట ఇదివరకే ఆమెను వాళ్ల నాన్న అడిగాడు, వదిన అడిగింది, పంచాయితీకొచ్చిన పెద్దమనుషులూ అడిగారు. అడగని చోటు ఇదొక్కటేనని దీపే ఒకసారి నాతో చెప్పింది. ఇప్పుడు నా మొహం చూసి, కొంగుతో చెంప కప్పుకుని, సంచి తీసుకుని వెళ్లిపోయింది. నేను రోడ్డు మీదికి పరిగెత్తేసరికి బస్సెక్కేసింది.

గోవిందమ్మ వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది. తిట్టలేదు. కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ గడియ నుంచి నీకు వినని వారం."

"సోమవారం కోర్టుండాది గోవిందమ్మా. నేను లేకుంటే ఆ పిల్ల నోరు తెరవదు."

"నువ్వు ఉండంగానే గదా మూసుకునింది."

ఆమె తన వేళ్లు నా ముందుకు చాపింది. "తోలు ఊడిన సేత్తో లాగితే దారం తెగిపోతాది. సెయ్యి మంచిదే. టయానికి మార్సలేదు, అదే తప్పు. నువ్వు తప్పించుకుంటాంటే సూస్తా ఊరుకున్నా. అందులో సగం నాది."

మరుసటి రోజు రజియా సోమల పోయి సాయంత్రానికి తిరిగొచ్చింది.

"మాట్లాడిందా?" అన్నాను.

"లేదు. నేనూ అడగలేదు. వాళ్లమ్మతో కూర్చుని చెనిక్కాయలు వలిచినా. రేపు మళ్లా పోతా."

నాకు అసూయ పుట్టింది, ఉన్నమాటే చెబుతున్నాను. శనివారం వంట ముగించి గోడకు చేరగిలబడితే అక్కడే నిద్రపోయాను. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. నేనెంత అలిసిపోయానో అప్పుడు తెలిసొచ్చి భయమేసింది.

సోమవారం నా పని అన్నం క్యారియర్ కోర్టు వరండాకు తీసుకుపోవడం వరకే. పదిన్నరయింది, దీప లేదు. పదకొండయింది. కేసు పిలిచే వేళకు రజియా వెంట గబగబా వచ్చింది. నా వైపు చూడకుండా లోపలికి పోయింది. నేను కిటికీ పక్కన నిలబడ్డాను.

మొగుడి తరపు వకీలు లేచాడు. "కొడతాడంటాండావే, మొన్న మళ్లా అదే ఇంటికి యాల పోయినావమ్మా?"

అది నా ప్రశ్నే.

దీప గొంతు వణుకు లేకుండా వినిపించింది. "నా కూతురి టీసీ ఆ ఇంట్లో ఉండాది సార్. అది లేకుంటే ఆరో తరగతిలో చేర్చుకునేది లేదన్నారు. కొడతాడని తెలిసే పోయినా. కొట్టినాడు. టీసీ తెచ్చుకున్నా."

కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చేశాను. ఆమెను చూస్తే గర్వంగా ఉంది, మూడు రోజులు చెనిక్కాయలు వలిచిన రజియాను చూస్తే గర్వంగా ఉంది. నా మీద మాత్రం సిగ్గేసింది. గురువారం నేను అడిగి జవాబు కోసం ఆగి ఉంటే, ఈ మాటే నాకు చెప్పి ఉండేది.

బయటికొచ్చాక క్యారియర్ విప్పాను. "దీపా, అడిగినా గానీ వినలేదు. నాదే తప్పు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, రజియా వైపు తిరిగింది. "ఈయక్కకు సెలవిచ్చినారా?"

"ఇచ్చినాం."

"ముందే ఇచ్చింటే బాగుండు," అంటూ తినడానికి కంచం చాపింది.

2006లో కుప్పంలో రెండో కేంద్రం తెరిచి నా చేతికిచ్చారు. మొదటి రోజు గోడ మీద నేను రాసింది, ఏ నెలలో ఎవరికి ఏది వినని వారమో. కొత్తగా చేరిన అమ్మాయి, "ఈమె నాతో తప్ప మాట్లాడదక్కా," అంటే కత్తిపీట తెచ్చి ముందు పెట్టాను. నా వారం నేను ఒక్కటీ తప్పించలేదు. నా సాంబారుకు ఈ వీధిలో పేరుంది.

ఆ ఏడాదే, నేను పప్పు కడుగుతుండగా దీప ఫోన్ చేసింది. ఆ టీసీతో బడిలో చేరిన పిల్ల ఇంటర్ ఫస్ట్ క్లాసులో ప్యాసయింది.

"ఇది నా వినని వారం," అన్నాను వేళాకోళంగా.

"ఇది వినొచ్చు లేక్కా," అంది.

పొయ్యి ఆర్పి కూర్చున్నాను. ఆమె మొత్తం చెప్పేదాకా మధ్యలో ఒక్క మాటా అడగలేదు.