ఎర్ర బటన్ ఎవరిని పిలుస్తుంది?

అత్తకు తలస్నానం చేయించే ముందు ఆమె మెడలోని ఎర్ర బటన్ తీసి తన మెడలో వేసుకోవడం గంగమణికి అలవాటైపోయింది. దాని మీద నీళ్ళు పడొద్దని భర్త గట్టిగా చెప్పాడు. గూట్లో పెడితే మరిచిపోతారు, మేకుకు తగిలిస్తే తడుస్తుంది. అందుకని ప్రతి ఆదివారం ఆ కాసేపు పుస్తెలతాడు, నల్లపూసలు, వాటి మీద ఈ ప్లాస్టిక్ తాడు, అన్నీ ఆమె మెడలోనే.

"నీళ్ళు కాగినయా, సల్లగనే తెచ్చినవా?" అంది రాములవ్వ, స్నానాల బండ మీద వేసిన కుర్చీలో ముడుచుకుని.

"కాగినయి అత్తమ్మా. కండ్లు మూస్కో."

పక్షవాతం వచ్చినప్పటినుంచి రాములవ్వకు ఎడమ కాలూ చెయ్యీ సరిగా కదలవు. మాట, చెవి, ఆకలి బాగానే ఉన్నాయి. పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే పడుతుంది. పట్టుకునే మనిషి ఎవరన్న ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. గంగమణి నిజామాబాద్ కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని మానేసింది, అంతే. మానమని ఎవరూ అనలేదు. "నీ ఇష్టం" అన్నాడు ఆత్మారాం. కంచం ముందు కూర్చుని, "అవ్వ పొద్దుందాక తడిబట్టల మీదనే ఉన్నదంట" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం పోయింది.

మళ్ళీ ఈ ఏడు పసుపు సీజన్‌కు ముందు పాత కోల్డ్ స్టోరేజీ నుంచే కబురొచ్చింది. బస్తాల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే మనిషి కావాలన్నారు. ఏమంటాడోనని భయపడుతూనే భర్తకు చెప్పింది. ఆత్మారాం వారం తిరిగేలోగా హైదరాబాద్ పోయి ఒక తెల్ల డబ్బా తెచ్చాడు. బోధన్ బస్టాండ్ దగ్గర అతనికి మోటార్ వైండింగ్ షాపుంది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి బతికించే చేతులకు ఆ డబ్బా ఒక లెక్కా? ఆమె డ్యూటీలో చేరిన రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి దాన్ని టెలిఫోన్‌కు కలిపేశాడు.

"అవ్వ మెడల ఈ బటనుంటది. పడ్డప్పుడు నొక్కితె ఫస్టు రింగు నా షాపుకే. పది నిమిషాలల్ల ఇంట్ల ఉంట. నువ్వు బేఫికర్‌గ డ్యూటీ చేస్కో."

పెళ్ళయ్యాక తనకోసం అతను కొన్న మొదటి వస్తువు అదేననిపించింది గంగమణికి. ఆ సాయంత్రం అలసటంతా మరిచిపోయి అతనికిష్టమని సర్వపిండి చేసింది. "ఒక్కసారి నొక్కి సూద్దమా?" అంటే మాత్రం కసురుకున్నాడు. "ఉత్తగ నొక్కితె నేను చేతిల పని ఇడ్సిపెట్టి ఉరికి రావాలె. ఆటబొమ్మ అనుకున్నవా?"

వాడకట్టంతా వచ్చి డబ్బాను చూసిపోయింది. "కొడుకంటె ఆత్మారామే! అవ్వకు మిషన్ పెట్టిండు" అన్నారు. ఆ అవ్వ పక్కబట్టలు ఉతికే మనిషి అందరికీ టీలు అందించి, కప్పులు కడిగింది.

నెల గడవకముందే మొదటి ఫోనొచ్చింది. మేనేజర్ తుకారాం ఆమె కుర్చీ దగ్గరికే వచ్చాడు. "మీ ఆయన ఫోన్ చేసిండు గంగమణమ్మా. అవ్వ పడ్డదంట. నిన్ను జెల్ది పంపమన్నడు."

బస్సులో గంట ప్రయాణం. ఆ గంటలో ఆమె అత్తను నాలుగు రకాలుగా చంపుకుని ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి రాములవ్వ మంచం మీద కూర్చుని అటుకులు తింటోంది. వెనక వీధి పెంటవ్వ వచ్చి లేపిందట. ఆత్మారాం జాడ లేదు.

సాయంత్రం అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "రింగొచ్చింది. మోటరు ఇప్పి పెట్టుకున్న, రైతు నెత్తి మీద కూసున్నడు. ఆడమనిషిని లేపుడు, బట్టలు మార్చుడు నాతోని అయితదా? గందుకే నీకు ఫోన్ కొట్టిన."

పోనీ, కంగారుపడి ఫోనన్నా చేశాడు కదా అనుకుంది. రాలేకపోయినా చేతిలో పని ఆపి తల్లికోసం మూడుచోట్లకు ఫోన్ తిప్పాడు. పెంటవ్వకు చేశాడు. వర్నిలో ఉన్న గంగమణి చెల్లెలు రేణుకమ్మకు కూడా చేశాడు, అక్క అక్కడికేమన్నా వచ్చిందేమోనని. "ఆత్మారాం గాబరా మనిషి పాపం. నేను హలో అంటున్న గాని ఇనడు, చెప్పేది చెప్పి టక్కున పెట్టేస్తడు" అని పెంటవ్వ జాలిపడితే, గంగమణికి కూడా మొగుడి మీద కాస్త జాలి వేసింది.

అట్లా మూడుసార్లయింది. మూడోసారి తుకారాం నవ్వలేదు. "మీ ఆయనకు మా నంబరు నోటికొచ్చినట్టున్నది. సీజన్ నడుస్తున్నది గంగమణమ్మా. ఇంకొక్కసారి గిట్లయితె నేను వేరే మనిషిని చూస్కుంట. ఏమనుకోకు."

అది మొన్న శుక్రవారం. ఈరోజు ఆదివారం. ఇంకొక్కసారి అన్న మాటే చెవుల్లో తిరుగుతుండగా గంగమణి అత్త నెత్తి మీద కుంకుడురసం రుద్దింది. నురుగు జారి షాబాదు బండంతా పరుచుకుంది. చెంబు అందుకోబోయి అడుగు వేసిందో లేదో కాలు జారింది. కుడి పాదం ఒంటి బరువు కింద మడతపడి లోపలేదో పటుక్కుమంది.

"అయ్యో పిల్లా!" అంటూ రాములవ్వ లేవబోయింది.

"లేవకు అత్తమ్మా! కుర్చి గట్టిగ పట్టుకో. నువ్వు గూడ పడ్తవు."

తను లేద్దామని చూసింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. పాదం చూస్తుండగానే ఉబ్బుతోంది. పెద్దగా అరిచింది. బయట చెరుకు ట్రాక్టర్లు బారుగా ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి. ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? అత్త కళ్ళలో నురుగు పడి మంటంటోంది. ఇద్దరాడవాళ్ళు నిండా తడిసి, ఒకరిని ఒకరు అందుకోలేని దూరంలో ఉండిపోయారు.

అప్పుడు గుండెల మీద బటన్ తగిలింది.

ఫస్టు రింగు నా షాపుకే. ఆదివారమైనా ఎండాకాలం మోటార్ల కోసం షాపు తెరిచే ఉంటుంది. గంగమణి కళ్ళు మూసుకుని నొక్కింది.

గదిలో డబ్బా మేలుకుంది. అంకెలు తిప్పిన చప్పుడు, ఆ వెనక రింగు, ఇక్కడిదాకా గట్టిగా వినిపించాయి. అవతల ఎవరో ఎత్తారు. "హలో, కోల్డ్ స్టోరేజి."

తుకారాం గొంతు. ఆమె ఉలిక్కిపడేలోపే గదిలోంచి మొగుడు మాట్లాడాడు.

"నేను ఆత్మారాంను. అవ్వ కింద పడ్డది. గంగమణిని జెల్ది ఇంటికి పంపుండ్రి." చివర చిన్న దగ్గు.

ఎప్పుడొచ్చాడు? ప్రాణం లేచొచ్చింది. "ఏమయ్యా! ఈడున్న! కాలిరిగింది, ఇటు రా!" అని అరిచింది. గదిలోంచి ఎవరూ రాలేదు. తుకారాం గొంతే మళ్ళీ వినిపించింది. "ఇయ్యాల ఐతారం ఆత్మారామన్నా. ఆమె మీ ఇంట్లనే ఉంటది, సూస్కోవద్దా? నాకు గీ పరేషాన్ వద్దు. రేపటిసంది ఇంట్లనే ఉండమను." టక్కున పెట్టేశాడు.

మళ్ళీ అంకెలు. ఈసారి ఎత్తింది రేణుకమ్మ. "నేను ఆత్మారాంను. అవ్వ కింద పడ్డది. గంగమణిని జెల్ది ఇంటికి పంపుండ్రి." అవే మాటలు. అదే దగ్గు. "అక్క రాలేదు బావా! ఏమైంది? బావా?" అని చెల్లెలు అడుగుతూనే ఉంది. "చెల్లే! నేనిక్కడున్న!" అని గంగమణి అరిచింది. అవతలి మాట ఇవతలికి వస్తోంది గాని, ఇవతలి మనిషి అవతలికి వినిపించడం లేదు.

మూడోసారి పెంటవ్వ. మూడోసారీ అదే దగ్గు. "ఐతారం పూట గంగమణి ఏడికి పోయింది ఆత్మారాం? ఇంట్ల లేదా?"

డబ్బా ఆగిపోయింది. షాపుకు రింగు పోలేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ పోలేదు. ఏ మధ్యాహ్నమూ అతను మోటారు పని ఆపలేదు, గాబరాపడలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. ఒకే ఒక్కరోజు, తను మళ్ళీ ఉద్యోగంలో చేరి మొదటి పూట కూర్చున్నప్పుడు, ఈ గదిలో తీరిగ్గా మూడు నంబర్లు ఎక్కించి, గొంతు సవరించుకుని, ముందుముందు పడబోయే తల్లికోసం ముందే కంగారు నటించి డబ్బాలో రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ మూడు నంబర్లూ ఎటు తిరిగినా తన దగ్గరికే వచ్చే దారులు. వర్నిలోని చెల్లెలికి కూడా ఆ డబ్బాలో చోటుంది. పది నిమిషాల దూరంలో ఉన్న కొడుక్కు లేదు. తను జాలిపడిన మొగుడు ఒక దగ్గు. తను సర్వపిండి చేసి పెట్టింది ఇందుకు. బండ మీద పడున్న గంగమణిని లేపడానికి ఆ మిషన్ జిల్లా అంతా గంగమణి కోసమే వెతుకుతోంది.

కాసేపటికి పెంటవ్వ తలుపు తోసుకుని వచ్చింది. "గంగమణీ! మీ ఆయన నిన్ను దేవులాడుతున్నడు..." అంటూ వచ్చి, ఇద్దరినీ చూసి నోరు కొట్టుకుంది.

పెంటవ్వ షాపుకు మనిషిని పంపితే ఆత్మారాం వచ్చాడు. ముందు తల్లి దగ్గరికి పోయాడు. "అవ్వా, నీకేం కాలే గద?" తర్వాత గంగమణి పాదం వైపు చూసి, "మిషన్ ఎవరు నొక్కిండ్రు?" అన్నాడు.

దవాఖానలో పిండికట్టు వేయించుకుని వచ్చాక అడిగిందామె. అరవలేదు. "ఫస్టు రింగు నీ షాపుకంటివి గద?"

అతను తప్పుచేసినవాడిలా కూడా చూడలేదు. "నాకొస్తె నేనేం చేస్త? నీకే ఫోన్ చేస్త. మధ్యల నేనెందుకని డైరెక్టుగ పెట్టిన. మోటర్ కనెక్షనైనా గంతే, మధ్యల జాయింట్లు ఎంత తక్కువుంటె గంత మంచిది. గీ ముచ్చటకు ముఖం మాడ్చుకుంటవేంది?"

"నా నౌకరి పోయింది."

"పోతె పోనియ్యి. ఎట్లాగు కాలిరిగె గద" అని బండి తాళం తీసుకుని షాపుకు పోయాడు. రైతు ఎదురుచూస్తున్నాడట.

రాములవ్వ చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. "బిడ్డా" అంది చివరికి. "నాకెరుకే."

"ఏమెరుక అత్తమ్మా?"

"మిషన్ నిన్ను పిలుస్తున్నదని. మొదటిసారి నిజంగనే పడ్డ. నొక్కంగనే వాని గొంతినబడ్డది. ఇంట్ల ఉన్నా వాడు నాతోని మాట్లాడడాయె. తింటడు, పంటడు. గందుకే... మల్ల రెండుసార్లు పడలే. ఉత్తగనే నొక్కిన. నీకు చెప్తె తీసేస్తవని చెప్పలే. పెంటవ్వకు గూడ పడ్డ అనే చెప్పిన."

గంగమణి ఆమె ముఖంలోకి చూసింది. తను ఈ చేత్తో తుడిచి, ఈ చేత్తో తినిపించిన మనిషి. బస్సులో ఏడ్చిన ఏడుపులు, కుర్చీలన్నీ తన వైపు తిరిగి చూస్తుంటే బ్యాగు తీసుకుని బయటికి నడిచిన నడకలు గుర్తొచ్చాయి. కొట్టాలనిపించింది. కానీ ఆ కళ్ళు కుంకుడు మంటకు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కొడుకు గొంతు కోసం పడిపోయినట్టు నటించిన తల్లి. పడిపోతుందని ముందే నటించి పెట్టిన కొడుకు. ఇద్దరి మధ్యా పరుగెత్తింది మాత్రం తను.

మర్నాడు భర్త షాపుకు పోగానే ఫోన్ దగ్గరికి కుర్చీ లాక్కుంది. ముందు తుకారాంకు చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మిషనా? గిన్ని దినాలసంది నేను మాట్లాడింది మిషన్‌తోనా? నిన్న తిట్టిన గూడ గద!"

"ఇంకెప్పుడు రాదు సార్. నా జిమ్మెదారి."

"కూసొని చేసే పనే గదమ్మా. నొప్పి తగ్గినంక రా."

తర్వాత డబ్బా మూత తీసింది. కంప్యూటర్‌తో పనిచేసే మనిషికి ఆ నాలుగు మీటలు ఎంతసేపు? తన ఆఫీసు నంబరు తీసేసింది. చెల్లెలిది, పెంటవ్వది తీసేసింది. మధ్యలో జాయింట్లు లేకుండా మూడుచోట్లా ఆత్మారాం షాపు నంబరే ఎక్కించింది.

"ఇగ నువ్వు మాట్లాడు అత్తమ్మా. కొడుక్కు ఏం చెప్తవో చెప్పు."

రాములవ్వ డబ్బా వంక బెదురుగా చూసింది. "వాని గొంతు పోతదా?"

"పోతది." గంగమణి ఆమె చెయ్యి పట్టుకుంది. "కాని గొంతుతోని ఏం చేస్కుంటవు? మనిషినే పిలువు."

ముసలామె డబ్బా వైపు వంగింది. "ఒరే ఆత్మా, నేనురా. గంగమణి డ్యూటీకి పోయింది. నువ్వే రా."

పాదం మోపగలిగిన రోజు పొద్దున్నే గంగమణి చేతికర్ర పట్టుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని, అత్త మెడలో ఎర్ర బటన్ వేసింది. ఆత్మారాం అప్పటికే షాపులో ఉన్నాడు. డబ్బాలో ఏం మారిందో అతనికి చెప్పలేదు. అతను మాత్రం చెప్పాడా?

రాములవ్వ బటన్‌ను బొటనవేలితో నిమురుతోంది. చాలారోజుల తర్వాత ఆ ముఖంలో ఏదో చిలిపితనం. "ఒక్కసారి నొక్కి సూడనా, బిడ్డా?"

గంగమణి గడప దాటి చెప్పులు తొడుక్కుంది.

"ఆగు అత్తమ్మా. నేను బస్సెక్కినంక నొక్కు."