వెదురుబుట్ట మీద నా కుళ్ళు

నేను ఒక ఇడ్లీ పాత్రను. అల్యూమినియం ఒళ్ళు. కడుపులో ఇడ్లీ రేకులు, రేకుల నిండా గుంటలు. ఒక షెడ్డులో సుత్తి దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. కొట్టినవాడు నా మొహం కూడా సరిగా చూడలేదు.

మొదట ఒక పెళ్ళిళ్ళ వంటవాడు కొన్నాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు నా ఇడ్లీలు తినేవారు, పొగిడేది మాత్రం సాంబారును. కుళ్ళు నాకు అప్పుడే పట్టుకుంది. అతనికి ఓపిక తగ్గాక నన్ను సన్యాసమ్మకు అమ్మేశాడు. ఆమె విశాఖపట్నం సిరిపురంలో, ఆఫీసుల వీధిలో, తోపుడుబండి మీద నన్ను పెట్టింది.

పొద్దున్న ఇడ్లీ. మధ్యాహ్నమూ ఇడ్లీయే. ఆఫీసువాళ్ళకు భోజనానికి అరగంటే తీరిక. హోటల్లో కూర్చుంటే తిండి వచ్చేలోపు తీరికా అయిపోతుంది, జేబూ అయిపోతుంది. అందుకని మా దగ్గర నిలబడి తినేవారు. అవి నా మంచి రోజులు.

తర్వాత పక్కనే పెమా బండి పెట్టింది. డార్జిలింగు కొండల మనిషి. తెలుగు బాగానే నేర్చుకుంది. ఆమె పొయ్యి మీద ఒకదానిపై ఒకటి వెదురుబుట్టలు. వాటిలో డిమ్ సమ్‌లట. పల్చటి పిండిలో క్యాబేజీ కూర పెట్టి, అంచు మడతలు వేసి, ఆవిరి మీద ఉడికిస్తుంది. నాదీ ఆవిరే. అయినా జనం అటు తిరిగారు. ఆ బుట్ట ఏమంత గొప్పది? కోళ్ళ గంపకు చెల్లెలి వరస.

సన్యాసమ్మకూ నా జబ్బే పట్టింది. పెమాతో మాటలు మానేసింది. అవి పచ్చిపిండి ముద్దలని వచ్చినవాళ్ళకు చెప్పేది. చెప్పినా మధ్యాహ్నం ఇడ్లీలు మిగిలిపోయేవి. పొద్దుటి బేరం ఒక్కటీ ఇల్లు నడపదు. ఇక బండి ఎత్తేసి ఏదో హాస్టల్లో వంటకు పోదామనుకుంది. మర్నాడు వచ్చి నన్ను పట్టుకుపొమ్మని పాతసామాన్లవాడికి మాట ఇచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే పెమా కబుర్లలో పడి పొయ్యి మీద నీళ్ళు చూసుకోలేదు. నీళ్ళు ఇగిరి, అడుగు బుట్ట మాడింది. నల్లటి పొగ. చచ్చేముందు అదొక్కటి చూశాను, చాలనుకున్నాను.

జనం వరసలో నిలబడి గడియారాలు చూసుకుంటున్నారు. పెమా ఉడకని డిమ్ సమ్‌లు పళ్ళెంలో పెట్టుకుని మా బండికి వచ్చింది. "అక్కా, నీ గిన్నె ఇస్తావా" అంది.

సన్యాసమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. మడతలు వేలితో తడిమింది.

"ఓలమ్మ, ఇది కుడుమే గదేటే. ఇన్నాళ్ళూ సెప్పవేటి?"

"నువ్వు అడగలేదక్కా."

"బెల్లం లేదు, అంతే. తే ఇలాగ."

రేకుల మీద తడిగుడ్డ పరిచింది. గుంటకొకటి చొప్పున కూర్చోబెట్టింది. ఇడ్లీలు వేసే చెయ్యి, మరోలా పెట్టడం దానికి రాదు. ఉడికి వచ్చేసరికి వాటి అడుగులు గుండ్రంగా తేలాయి. పళ్ళెంలో వేస్తే ఒక్కటీ నిలవదు, దొర్లుతుంది.

"ఇవి కుదురుగా కూర్చోవేంటి సన్యాసమ్మా?" అంది బ్యాంకులో పనిచేసే ప్రసూన.

"ఉయ్యాల్లో పుట్టినాయమ్మా, కూకోడం రాదు. నోట్లో ఏసుకో."

ప్రసూన నవ్వుతూనే తినేసింది. బ్యాంకుకు వేళకే వెళ్ళింది. మిగతావాళ్ళూ అంతే. నా కడుపు పెద్దది, ఒక్క వాయికే వరస సగమైంది.

మర్నాడు పాతసామాన్లవాడు వచ్చాడు. "ఎల్రా బాబూ, మజ్జానం దానికి పనుంది" అని సన్యాసమ్మ అతన్ని పంపేసింది.

ఇప్పుడు రెండు బండ్లూ ఆనించి ఉంటాయి. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం కుడుము. సన్యాసమ్మ కుడుములనే కేక వేస్తుంది, జనానికీ అదే నోటికొచ్చింది. పెమా మడతలు వేస్తుంది, సన్యాసమ్మ వాయి దించుతుంది. పాతసామాన్ల కొట్టుకు పోవలసిన నేను నిలిచాను. సంతోషించాలి.

కాని దించినవాటిని ఏం చేస్తారో తెలుసా? మాడకుండా మిగిలిన వెదురుబుట్టల్లోకి సర్దుతారు. వాటిలో పెడితే చూడ్డానికి బాగుంటుందట. ఆఫీసువాళ్ళు ముందు ఆ బుట్టకు ఫొటో తీసుకుని, ఆ తర్వాతే తింటారు. ఉడికించింది నేను. ఫొటో దానికి.

ఎందుకలా ఉడుక్కుంటావని నన్ను అడగకండి. కింద మంట, పైన మూత. నాకు చేతనైంది అదొక్కటే.