మొహం కనబడని సినిమా

ఎవరి పిచ్చి వారికి ఆనందం. హరినాథ్‌కు డాక్యుమెంటరీల పిచ్చి. హీరో లేని, పాట లేని, ఫైటు లేని సినిమాలను ప్రొజెక్టరుతో సహా పాత వ్యానులో వేసుకుని, మదనపల్లె చుట్టుపక్కల ఊరూరా తిరిగి గోడల మీద చూపిస్తుంటాడు. టికెట్టు లేదు కాబట్టే జనం వస్తున్నారని గిట్టనివాళ్ళు అంటారు.

ఈసారి తెచ్చిన సినిమా మీద అతనికి మమకారం ఎక్కువ. నీళ్ళు లేని మెట్టరైతుల గురించి హైదరాబాదు స్నేహితుడొకడు తీశాడు. అందులో మాట్లాడిన రెడ్డెమ్మను వెతికి పట్టుకున్నది హరినాథే. ఆమె వద్దు వద్దంటుంటే, ‘మొగం కనపడనియ్యం లేక్కా, నాదీ పూచీ’ అని ఒప్పించిందీ అతనే. మాట ప్రకారం తెర మీద ఆమె మొహం మసకమసగ్గా ఉంటుంది. మదనపల్లెలో మొదటి ఆటకు, పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీ పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అవి కాస్తా తలకెక్కాయి. ఎవరి బతుకు కథ వాళ్ళు చూడొద్దూ అని, పుంగనూరు, కుప్పం ఆటలకన్నా ముందు బైరెడ్డిపల్లె పక్కనున్న రెడ్డెమ్మ ఊరికే బండి తిప్పాడు. ఆమెను ఒక్క మాట అడగాలని తోచలేదు. మంచి పని చేస్తున్నామనుకునేవాళ్ళకు అడిగే అలవాటు తక్కువ.

రెడ్డెమ్మ మొగుడు మునిరత్నం ఊళ్ళో పరువున్న రైతు. ‘మా ఇంట్లోనుంచి లాక్కోప్పా కరెంటు’ అని వైరు తనే అందించాడు. దీపాలు పెట్టే వేళకు పంచాయతీ గోడ ముందు ఊరంతా చేరింది. ఆడవాళ్ళ మధ్య రెడ్డెమ్మ కూడా కూర్చుంది. తాను మాట్లాడిన సినిమా ఇదేనని ఆమెకు తెలియదు.

సగం అయ్యాక మసక మొహం వచ్చింది.

‘పేరుకు భూమి ఉండాది. బోర్లన్నీ ఎండిపోయె. మిషను కుట్టేదానికి పోతాండానని ఇంట్లో సెప్తాను. పోయేది పుంగనూరు పక్క టమాటా కోతకు, కూలికి. ఆ కూలితోనే ఇంట్లో పొయ్యి మండేది. మా ఆయనకు తెలిస్తే ఊర్లో తలెత్తుకోల్యాడు.’

పట్నంలో మొహం కప్పితే మనిషి మాయమైపోతుంది. ఊళ్ళో గొంతు చాలు, దగ్గినా చాలు. ముందు కూర్చున్న ముసలి అక్కమ్మ వెనక్కి తిరిగింది.

‘ఏమే రెడ్డెమ్మా, అది నీ గొంతు గదా!’

ఎవరో కిసుక్కున నవ్వారు. రెడ్డెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల వంచేసింది. మునిరత్నం మాత్రం గోడకేసి అలాగే చూస్తూ కూర్చున్నాడు.

హరినాథ్ ఆపేయవచ్చు. వేలు మీట మీదే ఉంది. ఆపితే అది ఆమేనని ఒప్పుకున్నట్టవుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. అది ఒట్టి సాకు. మదనపల్లెలో అందరినీ లేపి నిలబెట్టిన ఆఖరి సీను ఇంకా రాలేదు, అదీ అసలు సంగతి. ఆ సీను వచ్చింది, పోయింది. ఒక్క చెయ్యీ కదల్లేదు. జనం చాపలు దులుపుకుని, రెడ్డెమ్మ వైపు చూడనట్టు చూస్తూ ఇళ్ళకు పోయారు. హరినాథ్‌కు తల కొట్టేసినట్టయింది.

మునిరత్నం వైరు చుట్టి తెచ్చి చేతికిచ్చాడు.

‘సినిమా బాగుండాదప్పా. మా ఇంటామె బాగా మాట్లాడింది. నాతో ఎప్పుడూ అంత మాట్లాడలా.’

నాలుగు తిట్టినా బాగుండేది. హరినాథ్ తేలుకుట్టిన దొంగలా వైరు అందుకుని వ్యానులో పెట్టాడు.

వ్యాను ఎక్కబోతుంటే రెడ్డెమ్మ వచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె ఏడవలేదు.

‘రేపు యాడ ఏస్తాండావప్పా?’

‘పుంగనూరులోక్కా.’

‘ఆడ ఏయద్దు. సొంత భూమి ఉండేవాళ్ళు వాన పడితే పని ఇడిసిపెట్టి పోతారని కూలోళ్ళ మేస్త్రి పనిలో పెట్టుకోడు. భూమి ల్యాదని సెప్పి సేరిండాను. ఆయప్ప ఈ గొంతు వింటే రావద్దంటాడు. ఈడ పరువు పోయింది, పోనీ. ఆడ కూలి గూడా పోతే ఏం తినాల?’

‘ఏయనక్కా, ఒట్టు’ అన్నాడు హరినాథ్. ఆమె తల కూడా ఊపకుండా వెనక్కి తిరిగి, దీపం వెయ్యని తన ఇంటివైపు నడిచింది.

ప్రొజెక్టరు చెడిపోయిందని చెప్పి పుంగనూరు ఆట మానేశాడు. కుప్పం కూడా మానేయాల్సింది. అంత దూరంలో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరుంటారులే అని మనసును జోకొట్టి, వేశాడు. హాలు నిండింది. సినిమా అయ్యాక మునీశ్వరి అనే టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

‘ఆ యమ్మ ఈ సినిమా సూసిందా సార్? ఏమనింది?’

హాలంతా అతనివైపు తిరిగింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

‘చూసిందమ్మా. చాలా సంతోషపడింది’ అన్నాడు హరినాథ్. అనేసి, మైకు పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడలేక వంగి వైర్లు సర్దుకోసాగాడు.