శ్రీదుర్గ పొద్దెక్కి లేస్తుంది

మా ఇంటి కాఫీ వాసన తగిలాకే గన్నవరంలో కోళ్ళు కూస్తాయి. ఇన్నేళ్ళలో ఆ కాఫీ ఒక్కనాడూ ఆలస్యం కాలేదని కృష్ణా జిల్లాలో ఎక్కడైనా పందెం కాస్తాను.

కాచింది నేను కాదనుకోండి. ముందు మా ఆవిడ పద్మావతమ్మ కాచింది. ఆవిడ పోయాక కోడలు సుస్మిత కాచేది. నేను చేసిందల్లా గ్లాసు అందుకోవడం, ఆ సంగతి ఊరంతా చెప్పుకోవడం.

సుస్మిత విజయవాడలో ఓ ఆస్పత్రిలో స్కిజోఫ్రెనియా మీద పరిశోధన చేస్తుంది. ఎవరూ అనని మాటలు చెవిలో వినిపించే జబ్బు అది. మందులు పడితే చాలామంది తేరుకుంటారు. తేరుకున్న ఆడవాళ్ళు మధ్యలో మందు ఎందుకు మానేస్తున్నారన్నదే ఆమె వెతుకులాట. ఇంటింటికీ తిరిగి వాళ్ళ మాటలు రాసుకొస్తుంది, వచ్చీ రాగానే వంటింట్లోకి నడుస్తుంది. "రాసుకునే పనేగా, పప్పుడికేలోపు రాసుకోవచ్చు" అంటాడు మా అబ్బాయి చక్రి, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆమె కుక్కర్ మూత బిగిస్తుంది. ఒకసారి కారులో నాతో అంది: "రోజంతా వాళ్ళకి వినిపించే గొంతుల గురించి అడుగుతాను మామయ్యగారూ. నాలోనూ ఒకటుంది. స్టవ్ కట్టేశావా, పాలు తోడేశావా, రేపటికి పిండి ఉందా అని. నిద్రలోనూ ఆగదు. అది జబ్బు కాదని నాకు తెలుసు. అందుకే దానికి మందూ లేదు."

ఆ రోజు మేం వెళుతున్నది కంకిపాడులో శ్రీదుర్గ ఇంటికి. ఆమె అత్తగారి పుట్టిల్లు మా ఊరే. నేను వెంట ఉంటే ఆవిడ నోరు విప్పుతుందని సుస్మిత ఆశ. శ్రీదుర్గ రెండుసార్లు బాగై, రెండుసార్లూ మందు మానేసింది. రెండోసారి కాలవగట్టు మీద దొరికింది. మళ్ళీ మానేస్తే దొరుకుతుందో లేదో.

అత్తగారు నిజంగానే నోరు విప్పింది. "గొంతులు పోయినయ్ అన్నయ్యగారూ, కాదన్ను. కానీ ఆ మాత్ర వేసుకుంటే పొద్దెక్కినా లేవదు. వాకిలి ఎవరూడుస్తారు? ఇరుగూ పొరుగూ నవ్వరా?"

"లేచే మందు కూడా రాయించండి మేడమ్" అని నవ్వాడు మొగుడు బాబీ.

"మోతాదు గురించి డాక్టరుగారితో మాట్లాడతాను. అయినా కొంత మగత తప్పదు" అంది సుస్మిత.

నా నోరు ఊరుకోదుగా. "మా సుస్మితను చూడమ్మాయ్! కోడి కంటే ముందు లేస్తుంది. నాకు కాఫీ, మావాడికి క్యారియర్, ఆపైన ఆస్పత్రి!"

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "విన్నావా? అంత చదువుకున్నావిడే లేస్తుంటే నీకేం వచ్చింది?"

శ్రీదుర్గ తల వంచుకుంది. "మానేస్తాలే అత్తయ్యా. రేపు లేస్తాను."

సుస్మిత పెన్ను మూత పెట్టింది. నా మీద కోపం కూడా లేదు ఆ ముఖంలో, అలసట తప్ప.

"మానకు శ్రీదుర్గా. ఆయన చెప్పింది ఇవాళ్టి దాకా సంగతి. రేపట్నుంచి నేనూ పొద్దెక్కే లేస్తాను. మా ఇంట్లో కాఫీ మామయ్యగారు కాస్తారు. క్యారియర్ ఆయన కొడుకే కట్టుకుంటాడు."

"నిజమేనా అన్నయ్యగారూ?" అంది అత్తగారు.

అందరూ నన్నే చూస్తున్నారు, శ్రీదుర్గ అందరికన్నా ఎక్కువగా. నేను కోసిన కోతలకు లెక్కలేదు గానీ, ఒక్కటైనా నిజం చేయాల్సిన అవసరం అంతవరకూ రాలేదు.

"నిజమేనమ్మా" అన్నాను.

బాబీ లేచి మూలనున్న చీపురు అందుకుని, రేపట్నుంచి వాకిలి నాదన్నాడు. ఆ రాత్రి శ్రీదుర్గ మాత్ర వేసుకునే పడుకుంది.

ఇందులో చీపురు సంగతి ఒక్కటే నేను అల్లింది. బాబీ ఫోనులోంచి తలెత్తలేదు. ఆ వాకిలి ఇప్పటికీ పొద్దెక్కేదాకా ఊడవకుండానే ఉంటోంది. శ్రీదుర్గ మందు మానలేదు.