లేని రికార్డుకి ఒక కార్డు

దారం తెగలేదు.

అలమారా కింది అరలో నాలుగు రేకు పెట్టెలు. ఒక్కొక్క పెట్టె మూత మీదుగా ఒక నల్ల దారం పోగు, రెండు చివరలా చిటికెడు మైనంతో అంటించి ఉంటుంది. స్టోర్ కీపరు రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ నాలుగు దారాలూ చూసుకుంటాడు. తెగలేదంటే పెట్టెలు ఎవరూ తెరవలేదన్నమాట. ఇంట్లో ఉండేది అతనూ, భార్యా, అంతే.

"నేనా కార్డులు తీసుకుని ఏం చేసుకుంటానండీ? నెత్తిన పెట్టుకుని ఊరేగుతానా?" అంది భార్య వంటింట్లోంచి. ఇరవై తొమ్మిదేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే అది.

నోట్లో నురుగు ఉందన్న నెపంతో అతను పెరట్లోకి జారుకున్నాడు.

ఆ పెట్టెల్లో ఉన్నవి రెండు వేల ఆరువందల పద్నాలుగు కార్డులు. పాతకాలపు కంట్రీ బాణీ పాటల్లో స్టీల్ గిటారు ఎవరు వాయించారో, పాటకొక కార్డు చొప్పున రాసి ఉంటుంది. ఆ గిటారుని భుజాన తగిలించుకోరు, ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయిస్తారు. అందులో స్వరం మెట్లెక్కదు, జారుతుంది. రికార్డు మీద పాడినవాడి పేరు ఇంత లావు అక్షరాలతో వేస్తారు. పాట వింటుంటే చేతిలో పని ఆగిపోయేలా చేసిన ఆ గిటారు మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. స్టోర్ కీపరు పట్టుకునేది ఆ పేరునే. మూతపడ్డ రేడియో స్టేషన్ల టేపులు, డాన్సు హాళ్ళలో ఎవరో ఓపిగ్గా రికార్డు చేసుకున్న కచేరీలు, పాత సామాన్ల కొట్లలో గీతలు పడ్డ రికార్డు పళ్ళాలు, ఏది దొరికితే అది తెచ్చుకుని వింటాడు. ఒకడు స్వరం చివర వణికించే తీరుని బట్టి, ఇంకొకడు మీటే ముందు చేసే జాగుని బట్టి, వీడు ఫలానావాడని తేలుస్తాడు. తేలేదాకా పెన్సిలుతో రాస్తాడు. తేలాకనే సిరా.

వాటిలో ఒక్కటి మాత్రం దొంగ కార్డు.

తొమ్మిదేళ్ళ కిందట రికార్డులు సేకరించేవాళ్ళ సంఘం కార్యదర్శి వచ్చి, జాబితా అంతా ఒక్క వారం చూసి ఇస్తానన్నాడు. ఆ నవ్వు చూడగానే స్టోర్ కీపరుకి అనుమానం తగిలింది. ఇవ్వనంటే పిసినారి అంటారు. ఇస్తే తన పేరుతో అచ్చేసుకుంటాడు. అందుకని ఇచ్చే ముందు రోజు సాయంత్రం కూర్చుని లేని రికార్డొకటి పుట్టించాడు. పాట పేరు 'వంతెన దగ్గర వాన'. నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. ఎప్పుడో మూతపడ్డ కంపెనీ, ఆ కంపెనీ వరసలో ఖాళీగా మిగిలిపోయిన నంబరు. వాయించినవాడి పేరు కూడా కావాలి కదా! మరీ పుట్టనివాడిని పెడితే పట్టేస్తారు. పాత డాన్సు హాలు ఫొటో ఒకదాంట్లో, వెనక వరస చివర, సగం మొహం అంచులో తెగిపోయిన మనిషొకడు ఉన్నాడు. అతని పేరూ, పదకొండు నెలలు వాయించి మానేశాడనీ ఫొటో వెనక రాసి ఉంది. ఏ రికార్డులోనూ లేడు. ఆ పేరు పెట్టాడు, సిరాతో. రేపు ఎక్కడైనా అచ్చులో ఈ పాట కనపడిందో, దొంగ దొరికినట్టే.

ఆ తర్వాత సంఘమంతటి మీదా అనుమానం వచ్చి అందులోంచి కూడా తప్పుకున్నాడు.

ఎనిమిదింటికి బస్సు డిపోలో స్టోర్సు గది తాళం తీశాడు. ఇనుప జాలీ కిటికీ, దాని వెనక పొడుగాటి బల్ల, బల్ల వెనక పైకప్పు దాకా అరలు. గ్రీజు వాసన, రబ్బరు వాసన. మెకానిక్కు కిటికీలోంచి చీటీ తోశాడు.

"బాబాయ్, బ్రేక్ లైనింగులు రెండు సెట్లు."

"పాతవేవి?"

"అరిగిపోయాయి బాబాయ్."

"అరిగినవే తెమ్మంటున్నాను. అరగకపోతే నీకు కొత్తవెందుకు?"

"పోయినసారి తెస్తే వాసన చూసి మరీ తీసుకున్నావు. ఇవాళ నాలిక్కి రాసుకుంటావా ఏంటి?" అని గొణుక్కుంటూ మెకానిక్కు పాతవి తేవడానికి వెళ్ళాడు. డిపోలో అందరూ స్టోర్ కీపరుని వెనకాల అనుమానాలయ్య అంటారు. అది అతనికి తెలుసు. ఆ పేరు పెట్టినవాడెవడో తేల్చడానికి ముగ్గురి మీద కన్నేసి ఉంచాడు.

మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగి బోర్లిస్తుంటే కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. భుజాన సంచీ, చేతిలో మడతలు నలిగిన జిరాక్సు కాగితం.

"సార్, స్టీల్ గిటారు జాబితా రాసింది మీరేనా?"

అతను కిటికీకి దూరంగా జరిగాడు. "ఎవరు పంపించారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండీ. ఈ పేజీ ఉన్న పుస్తకం వేసిన రికార్డుల సంఘం కార్యదర్శికి రెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. మొన్నటికి ఒప్పుకున్నాడు, ఇందులో ఉన్నది తను కనుక్కున్నది కాదట, మీ కార్డుల్లోంచి తీసుకున్నాడట."

కాగితం జాలీ కిందనుంచి లోపలికి తోసింది. పట్టికలో ఒక వరస కింద ఎర్ర గీత. 'వంతెన దగ్గర వాన'. రెండు నిమిషాల నలభై సెకన్లు. కంపెనీ, నంబరు, పేరు, అచ్చు గుద్దినట్టు అతను రాసిందే. స్టోర్ కీపరుకి ఒక్కసారిగా ఒళ్ళు పులకరించింది. దొరికాడు దొంగ! తొమ్మిదేళ్ళ కిందట తాను అనుకున్నది అక్షరాలా నిజమైంది. జన్మలో అంత ఆనందం అతనికి తెలియదు.

"ఆ పేరు మా నాన్నదండీ," అంది ఆమె.

ఆనందం అక్కడికక్కడే చల్లారిపోయింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. నాన్న గిటారు వాయించేవాడని చిన్నప్పుడు విన్నదే తప్ప పట్టించుకోలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. షాపుకి వచ్చే ఒకాయన దగ్గర ఈ పుస్తకం కనిపించింది, అందులో నాన్న పేరు. అప్పటినుంచీ వెతుకుతోంది. మూడు ఊళ్ళలో రికార్డుల కొట్లు, రేడియో వాళ్ళ పాత గోదాము, చచ్చిపోయిన సేకర్తల పిల్లల ఇళ్ళు, అన్నీ తిరిగింది.

"ఆయనకి ఊపిరితిత్తులు పోయాయి సార్. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఒక్కసారి, ఆయన వాయించింది వినాలి. ఆయన ఉండగానే వినాలి. మీరు విన్నారు కాబట్టే రాశారు కదా? మీ దగ్గర ఉందా?"

'లేదు' అనేస్తే పోయేది. అతను అనలేదు. ఇదంతా కార్యదర్శి ఆడిస్తున్న నాటకమేమో! దొరికిపోయానని తెలిసి, తన నోటితోనే దొంగ కార్డు సంగతి కక్కించి, ఊరంతా నవ్వుకోవడానికి ఈవిడని పంపాడేమో.

"మీ నాన్నగారు తీగలు మీటడానికి వేళ్ళకి ఏం తొడుక్కునేవారు?" అని పరీక్ష పెట్టాడు.

"బొటనవేలికి ప్లాస్టిక్‌ది, రెండు వేళ్ళకి ఇనుపవి. చిన్నప్పుడు అవి తొడుక్కుని నా వీపు గోకేవాడు."

జవాబు సరైందే. కానీ పుస్తకం చదివినవాళ్ళెవరైనా ఆ మాట చెప్పగలరు. వీపు గోకడం పుస్తకాల్లో ఉండదనుకోండి, అయినా అదీ కల్పించి ఉండొచ్చు. అసలు అలాంటి నాన్న ఉన్నాడో లేడో కళ్ళారా చూస్తే గానీ నమ్మకూడదనుకున్నాడు. డ్యూటీ దిగాక వస్తానన్నాడు.

బస్సులో ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. రెండు వరసల వెనక కూర్చుని, ఆమె ఎవరికైనా సైగ చేస్తుందేమోనని చూశాడు. ఆమె దారి పొడుగునా కిటికీకి తల ఆనించి కునుకు తీసింది.

రెండో అంతస్తులో ఇల్లు. ఇరుకు మెట్లు, ఆరేసిన బట్టల కిందనుంచి వంగి వెళ్ళాలి. కిటికీ పక్క మంచం మీద మూడు దిళ్ళకి చేరగిలబడి ఒక ముసలాయన ఉన్నాడు. చర్మం కింద ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. కుడి చెవి తమ్మె పెద్దది, కొంచెం ముందుకి వంగి ఉంది. సగం తెగిన ఫొటోలో అతను భూతద్దం పెట్టి చూసిన చెవి అదే. ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. దానికే అతనికి భయం వేసింది.

"నాన్నా, ఆ రికార్డు విన్నది ఈయనే," అంది ఆమె. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. "టీ పెడతాను, కూర్చోండి సార్."

వంటింట్లో గిన్నె చప్పుడు అయ్యేదాకా ముసలాయన ఆగాడు.

"ఆ పాట నేను వాయించలేదు," అన్నాడు మెల్లగా.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు స్టోర్ కీపరు, అలవాటుకొద్దీ.

ముసలాయన నవ్వబోతే దగ్గొచ్చింది. "వాయించనివాణ్ణి నేనే కదండీ! నాకొకరు చెప్పాలా? ఎందుకు రాశారలా?"

దొంగని పట్టుకోవడం కోసమని చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

"బాగానే ఉంది. మరి నా పేరే ఎందుకు?"

స్టోర్ కీపరు గోడకేసి చూశాడు. అబద్ధం చెప్పొచ్చు.

"మీ గురించి ఎవరూ అడగడానికి రారని."

ముసలాయనకి కోపం వచ్చినట్టు లేదు. వంటింటి వైపు తల తిప్పాడు.

"అది వచ్చిందిగా," అన్నాడు.

తర్వాత ఊపిరి కూడదీసుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "ఇదివరకు నెలకోసారి వచ్చి, నిలబడే మాట్లాడి పోయేది. ఈ పాట కోసం వెతకడం మొదలెట్టాక మంచం మీద కూర్చుంటోంది. ఎవరితో వాయించావు నాన్నా, ఎందుకు మానేశావు అని అడుగుతుంది. నన్ను జీవితంలో ఎవరూ అడగలేదండీ ఆ మాట. నేనున్నన్నాళ్ళూ చెప్పకండి. తరవాత మీరే చెప్పండి. ఆ పుస్తకం వాడి నోట వినకూడదు అది."

"చెప్తాను," అన్నాడు స్టోర్ కీపరు. చీటీ లేకుండా, సంతకం లేకుండా అతను ఎవరికైనా ఏమైనా ఇవ్వడం అదే మొదలు.

"ఇంతకీ, మీకెలా వినపడింది? నిడివి కూడా రాశారట. ఏదో వినే ఉంటారు."

నిజమే, విన్నాడు. ఆ సాయంత్రం నిడివి వెయ్యడానికని గడియారం ముందు పెట్టుకుని, లేని పాటని మొదటినుంచి చివరిదాకా మనసులో నడిపించాడు. ఆ సంగతి భార్యకి కూడా తెలియదు. "ముందు ఫిడేలు ఉంటుంది," అన్నాడు. "తరవాత మీరు పైనించి జారుతూ దిగుతారు," అని గొంతు సవరించుకుని, సన్నగా కూనిరాగం తీశాడు. పరాయివాళ్ళ ఎదుట అతను గొంతు విప్పి ఎరగడు.

"ఆగండాగండి. పైనించి కాదు." ముసలాయన దుప్పటి కిందనుంచి ఎడమ చెయ్యి తీశాడు. చేతిలో వేలెడంత పొడుగు, గుండ్రటి ఉక్కు కడ్డీ, తీగల మీద జరిపే కడ్డీ. "వాన అనగానే అందరూ పైనించే దిగుతారు. నేనైతే కిందనించి లాగుతాను. వంతెన కింద నీళ్ళు పెరుగుతాయి చూడండి, తెలియకుండా, అలా." కడ్డీ దుప్పటి మీద అంగుళం అంగుళం పాకింది. "ఇప్పుడనండి."

స్టోర్ కీపరు కిందనుంచి అందుకున్నాడు. కడ్డీ అతని గొంతుతో పాటే జరిగింది. రెండో చరణం దగ్గర ఆగింది. ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర నటిస్తున్నాడేమో, మధ్యలో ఆపేస్తానా, సగం సగం వదిలేస్తానా అని పరీక్షిస్తున్నాడేమో అనిపించింది. ఆపలేదు. రెండు నిమిషాల నలభై సెకన్లూ పాడాడు.

ఆమె టీ గ్లాసులతో వచ్చింది. ఒక్క చూపు చూసి, గ్లాసులు కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టింది, చుక్క తొణక్కుండా. ఆ తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుంది.

కింద అంతస్తులో ఉండే నర్సు వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. వీధి దీపాలు వెలిగే వేళకి బండి వచ్చింది. ఇద్దరు మనుషులు ఆయన్ని ఆరేసిన బట్టల కిందనుంచి వంచి దింపారు. ఆమె సంచీ కోసం పైకి వచ్చేసరికి స్టోర్ కీపరు ఇంకా మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోవచ్చు. అడిగేవాళ్ళు లేరు.

"అమ్మా, ఆ రికార్డు లేదు."

"దొరకదా ఇంక?"

"దొరకడం కాదు. ఎప్పుడూ లేదు. ఒకణ్ణి పట్టుకోవాలని నేనే కల్పించి రాశాను. మీ నాన్నగారికి తెలుసు. తరవాత చెప్పమన్నారు."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. చెంప మీద కొడుతుందనుకున్నాడు. కొడితే బావుణ్ణనుకున్నాడు.

"రెండేళ్ళండీ," అంది. "రెండేళ్ళు తిరిగాను."

"తప్పైపోయింది."

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. చాలాసేపటికి తలెత్తింది.

"ఇందాక మీరు పాడుతుంటే వంటింట్లోకి వినిపించింది. నాన్న ఎక్కడో దిద్దాడు."

"అవును. కిందనించి లాగాలన్నారు. తానైతే అలా వాయిస్తానన్నారు."

"అయితే పాడండి," అంది. "నాన్న చెప్పినట్టే."

తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద మనుషులు ఉన్నారు. ఎవరు వింటున్నారో, ఎవరు నవ్వుతారో అతను చూడలేదు. కిందనుంచి, మెల్లగా అందుకున్నాడు. కింద బండి హారను ఒకసారి మోగింది. ఆమె కదల్లేదు. పాట అయ్యాక కళ్ళు తుడుచుకుని లేచి సంచీ భుజాన వేసుకుంది. ఇద్దరూ కిందికి దిగారు.

ఖాళీ మంచం మీద, దుప్పటి మడతలో, ఆ ఉక్కు కడ్డీ ఉండిపోయింది; ఒక పక్కన బొటనవేలు ఆనేంత మేర అరిగి, కొద్దిగా గుంటపడి ఉంది.